ఓడలో నేర్చిన తెలుగు

ఆ ఉదయానికి పాస్టరమ్మ వేసిన ప్రణాళికలో పనులు నాలుగే. ఎనిమిదింటికి పిల్లలకు టిఫిను వడ్డించడం. తొమ్మిదింటికి భోజనశాలలో పాటలు, ఆ వెంటనే ఐదు నిమిషాల సాక్ష్యం. పదింటికి మైదానంలో ఆటలు. పదకొండింటికి గిన్నెలు తోమడం. కాగితం మీద పెద్ద పెద్ద అక్షరాలతో రాసి పడకగది తలుపుకి అంటించి, "దీని ప్రకారం నడుచుకుంటే ఎవరికీ ఏ ఇబ్బందీ ఉండదు" అంది. మొదటి పని వరకూ అంతా దాని ప్రకారమే జరిగింది.

పాస్టరమ్మ వెంట వచ్చిన పిల్లలు నలుగురు. సంఘంలోని యౌవనస్థుల కూటమి నుంచి ఏరి తీసుకొచ్చింది. పరాయి దేశంలో, సెలవులకు ఖాళీ అయిన ఒక హాస్టలు బడిలో, అరవైమంది చిన్నపిల్లలకు జరిగే వేసవి శిబిరంలో వాళ్లు సేవ చెయ్యాలి. సేవంటే వడ్డించడం, ఊడవడం, పాటలు నేర్పడం, గిన్నెలు తోమడం. నలుగురిలో ఇద్దరు అక్కచెల్లెళ్లు. వాళ్లు అవసరమైతే తప్ప నోరు విప్పరు కాబట్టి జరిగినదాంట్లో వాళ్ల తప్పేమీ లేదు. మిగిలిన ఇద్దరూ అన్నాచెల్లెళ్లు. అన్నయ్య గిటారు వాయిస్తాడు. చెల్లెలికి పదహారేళ్లు. ఇంట్లోనూ సంఘంలోనూ ఆ పిల్లని అందరూ టముకు అంటారు.

ఊళ్లో చాటింపు వేసే డప్పు పేరది, నానమ్మ పెట్టింది. టముకు ఏ సంగతీ ఉన్నది ఉన్నట్టు చెప్పలేదు. నాలుగు చినుకులు పడితే ఊరు మునిగిపోయిందంటుంది. ఆకలేస్తే పేగులు మాడి బొగ్గయిపోయాయంటుంది. పరీక్షలో రెండు మార్కులు తగ్గితే బతుకు బుగ్గిపాలైపోయిందంటుంది. ఇంట్లోవాళ్లు ఆ పిల్ల చెప్పినదాంట్లో ముప్పాతిక వంతు తీసేసి మిగిలింది వినడం అలవాటు చేసుకున్నారు. ఆ లెక్క పరాయి దేశంలోవాళ్లకు తెలియదన్న ఆలోచన ఎవరికీ రాలేదు.

శిబిరంలో ఎవరికీ ఇంగ్లీషు రాదు. ఆ మాట ముందే తెలిసి పాస్టరమ్మ ఒక దుబాసీ కావాలని కబురు పెడితే, తమ దగ్గర తెలుగు వచ్చినవాడే ఉన్నాడని డైరెక్టరు జవాబు పంపాడు. వచ్చినవాడంటే బడి స్టోరుకీపరు. యాభై దాటిన మనిషి, మెడ కనిపించనంత దిట్టమైన భుజాలు. బియ్యం బస్తాలు, సబ్బులు, చీపుర్లు, దుప్పట్లు అతని అధీనంలో ఉంటాయి. వయసులో ఉన్నప్పుడు సరుకుల ఓడ మీద నాలుగేళ్లు పనిచేశాడు. ఆ ఓడలో అతని పక్క బెర్తులన్నీ తెలుగువాళ్లవి. భాష మొత్తం వాళ్ల నోటి నుంచే పట్టాడు.

ఆ సంగతి మొదటిరోజు సాయంత్రం గేటు దగ్గరే తెలిసిపోయింది. స్టోరుకీపరు అరచెయ్యి గుండెల మీద పెట్టుకుని, నడుము వంచి, పాతికేళ్లుగా అందరిచేతా అమ్మగారని పిలిపించుకుంటున్న పాస్టరమ్మతో ఎంతో వినయంగా, "రారా, ఒరేయ్. కూర్చో. బరువు దించు. నేను ఎత్తుతా" అన్నాడు.

పాస్టరమ్మ చేతిలోని సంచీ అతనికిచ్చి కూర్చుంది.

"ఎవరు నేర్పారో గాని, నేర్పేటప్పుడు కోపంగా ఉన్నట్టున్నారు" అన్నాడు అన్నయ్య మెల్లగా.

"ఊరుకో. ఆయన మర్యాదగానే అంటున్నాడు" అంది పాస్టరమ్మ. అది నిజమే. ఓడలో నాలుగేళ్లపాటు తనని అందరూ ఒరేయ్ అనే పిలిచారు కాబట్టి, అది అయ్యా లాంటి మాట అని అతని నమ్మకం. అది అలా కాదని చెప్పి నొప్పించడం దేనికని అందరూ ఊరుకున్నారు.

చెప్పవలసిన సంగతి ఇంకొకటి ఉంది గాని, అది అప్పటికి వాళ్లకే తెలియదు. స్టోరుకీపరు తెలుగులో కొన్ని గదులు నిండుగా ఉన్నాయి, కొన్ని పూర్తిగా ఖాళీ. ఎత్తడం, దించడం, కట్టడం, తినడం, పడుకోవడం బాగా వచ్చు. ఓడ మీద దెబ్బలు తగలడం మామూలు కాబట్టి ఒంట్లో భాగాలన్నీ, వాటికి వచ్చే నష్టాలన్నీ కంఠస్థం. బెంగ, నిబ్బరం, ఓదార్పు లాంటి మాటలు మాత్రం ఆ ఓడలో ఎవరూ వాడలేదు. తెలియని మాట అడ్డొస్తే దాని పక్కనుంచి తప్పుకుని, తెలిసిన మాట దగ్గరికి వెళ్లి నిలబడేవాడు.

తొమ్మిదింపావుకి టముకు మైకు ముందు నిలబడింది. ఎదురుగా బెంచీల మీద అరవైమంది పిల్లలు, వెనక టీచర్లు, నర్సు, డైరెక్టరు, వంటగది గుమ్మంలో గరిటెతో వంటావిడ. పక్కనే ఇస్త్రీ చొక్కా వేసుకుని స్టోరుకీపరు. ఇరవై ఏళ్లుగా ఆ బడిలో పనిచేస్తున్నా అతను మైకు ముట్టుకోవడం అదే మొదటిసారి.

"నేను మా అమ్మని వదిలి ఒక్కరోజు కూడా ఉండలేదండి" అని టముకు మొదలుపెట్టింది. "ఇంత దూరం వెళ్లాలనేసరికి బెంగతో నా గుండె ఆగిపోయింది. కాళ్లూ చేతులూ చచ్చుబడిపోయాయి. నోరు పడిపోయింది. విమానం ఎక్కాక పైప్రాణాలు పైనే పోయాయి. ఇక్కడ దిగి మీ అందరి ముఖాలు చూశాకే పోయిన ప్రాణం తిరిగొచ్చింది. ప్రభువు నాకంత నిబ్బరం ఇచ్చాడు."

స్టోరుకీపరు ఒక్కొక్క వాక్యానికీ ఆగి, ఆ పిల్ల వంక ఒకసారి చూసి, గొంతు సవరించుకుని తన భాషలో చెప్పాడు. గుండె దగ్గర అతని గొంతు మామూలుగానే ఉంది. కాళ్లూ చేతుల దగ్గర కాస్త బొంగురుపోయింది. విమానం దగ్గరికి వచ్చేసరికి జేబురుమాలు తీశాడు.

అంతకుముందు బెంచీల కింద తన్నుకుంటున్న పిల్లలు కాళ్లు పైకి ముడుచుకుని కూర్చున్నారు. డైరెక్టరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. వంటావిడ గరిటె ఎక్కడ పెట్టిందో తరువాత చాలాసేపు వెతుక్కుంది.

టముకు మెట్లు దిగివచ్చి అన్నయ్య పక్కన కూర్చుంది. "చూశావా? మన సంఘంలో నేను సాక్ష్యం చెబితే సగంమంది ఫోన్లు చూసుకుంటారు. ఇక్కడ ఒక్కరి కన్నూ పొడిగా లేదు."

"ఒక్కరిదీ లేదు" అన్నాడు అన్నయ్య. మొదటిసారిగా చెల్లెలు చెప్పినదాంట్లో తగ్గించవలసింది ఏమీ కనిపించక అతను కాస్త ఇబ్బందిపడ్డాడు.

పదింటికి ఆటలు. మైదానంలోకి పరుగెత్తబోయిన టముకుని ఇద్దరు ఆడపిల్లలు చెరొక మోచెయ్యీ పట్టుకుని, నీడలో వేసిన చేతుల కుర్చీ దగ్గరికి నడిపించారు. లేవబోతే భుజాలు నొక్కి కూర్చోబెట్టారు. ఇంకో పిల్ల ముందు మోకరించి, ఆమె మణికట్టు పట్టుకుని పెదవులు కదుపుతూ ఏదో లెక్కపెట్టింది. ఇక్కడ పిల్లలకు అతిథి మర్యాదలు బాగా నేర్పారనుకుని టముకు రాణీగారిలా కూర్చుంది. నర్సు వచ్చి బీపీ చూసింది. అరగంట తరువాత మళ్లీ చూసింది. పాస్టరమ్మకి బీపీ ఉంది గాని ఆమెది ఎవరూ చూడలేదు.

పదకొండింటికి గిన్నెల దగ్గరికి వెళితే వంటావిడ టముకు చేతిలోంచి పీచు లాక్కుని అన్నయ్యకిచ్చింది. మధ్యాహ్నం అందరికీ వడ్డించిన తరువాత టముకు ముందు వేరే గిన్నె పెట్టింది. అందులో ఉప్పూ కారం లేకుండా మెత్తగా ఉడికించి, చెంచాతో మెదిపిన అన్నం ఉంది. పళ్లు రాని పిల్లలకు పెట్టేలాంటిది.

"నాకొక్కదానికే ఇదేంటి?"

"సాక్ష్యం బాగా చెప్పినవాళ్లకి పెడతారేమో" అన్నాడు అన్నయ్య, తన పళ్లెం కాస్త దూరంగా జరుపుకుంటూ.

మూడింటికి మేడ మీది గదిలో ఆమె పరుపు లేదు. కిందికి దించి, నర్సు గది పక్కన వేసి, తలవైపు రెండు దిళ్లు పెట్టారు. ఆమె పెట్టెను స్టోరుకీపరే మోసుకొచ్చాడు. దాన్ని గాజుసామాను దించినట్టు దించి, "లేవకు, ఒరేయ్. గట్టిగా ఊపిరి తీయ్" అని గుండెల మీద చెయ్యి పెట్టుకుని వెళ్లిపోయాడు. అప్పటికి టముకుకి మర్యాద మీద అనుమానం మొదలైంది.

దాన్ని తీర్చింది వంటావిడ. సాయంత్రం చప్పిడి గిన్నెతో మళ్లీ వచ్చినప్పుడు, వద్దు, ఎందుకు అని టముకు చేతులు తిప్పింది. వంటావిడ గిన్నె పక్కన పెట్టి అభినయించి చూపించింది. మొదట టముకు వైపు వేలు చూపించి, చెయ్యి గుండె మీద వేసుకుని గుప్పిట మూసింది. రెండు చేతులూ వేలాడేసింది. మూతి పక్కకి వంకర తిప్పింది. చెయ్యి విమానంలా పైకి లేపి, నాలుక బయటపెట్టి, తల వాల్చేసింది. కాసేపు అలాగే ఉంది. ఆ తరువాత కళ్లు తెరిచి, చుట్టూ చూసి, చిరునవ్వు నవ్వి, ఏడ్చేసి టముకుని కౌగలించుకుంది.

ఆ భుజం మీదుగా టముకు అన్నయ్యని చూసింది. "అన్నయ్యా, నేను చచ్చిపోయానా?"

"విమానంలో" అన్నాడు అన్నయ్య. "ఇక్కడ దిగాక లేచావు."

స్టోరుకీపరుని పిలిపించారు. ఏం చెప్పావని పాస్టరమ్మ అడిగితే, ఒక్క ముక్క తప్పకుండా అప్పజెప్పాడు. "గుండె ఆగింది. కాళ్లు, చేతులు చచ్చాయి. నోరు పడింది. ప్రాణం పైన పోయింది. మా మొహం చూసి తిరిగి వచ్చింది. అంతేగా, ఒరేయ్?"

అతను చెప్పినదాంట్లో తప్పు ఒక్కటీ లేదు.

పాస్టరమ్మ తేరుకుని, రాత్రి భోజనానికి ముందే దీన్ని సరిదిద్దేయాలంది. మైకు తెప్పించింది. టముకు వీలైనంత పొదుపుగా, "నాకు ఏ జబ్బూ లేదండి. నేను బాగానే ఉన్నాను" అంది. స్టోరుకీపరు దాన్నీ పొల్లుపోకుండా చెప్పాడు. ఇప్పుడు ఈమెకు ఏ జబ్బూ లేదు, ఈమె బాగుంది అన్నాడు. భోజనశాల మొత్తం లేచి నిలబడింది. డైరెక్టరు చేతులెత్తి స్తోత్రం చెప్పాడు. పిల్లలు పాట ఎత్తుకున్నారు. అది ఆ పొద్దున్నే అన్నయ్య నేర్పిన పాట కావడంతో అతను గిటారు వాయించక తప్పలేదు.

"అలా కాదు. అదంతా ఉత్త మాటేనని చెప్పు. అలా ఏమీ జరగలేదని చెప్పు" అంది పాస్టరమ్మ స్టోరుకీపరుని పక్కకి లాక్కెళ్లి.

స్టోరుకీపరు ఆమెను, ఆ తరువాత టముకుని చూశాడు. "గుండె ఆగింది అన్నావా, లేదా?"

"అన్నాను అంకుల్. కానీ..."

"ఆగిందా, లేదా?"

"ఆగలేదు."

అతని ముఖం మాడిపోయింది. "సాక్ష్యంలో అబద్ధమా, ఒరేయ్? దేవుడి ముందు?"

అబద్ధం కాదని టముకుకి తెలుసు. నిజమూ కాదు. రెండూ కానిదాన్ని ఏమంటారో ఆ మనిషికి తెలిసిన తెలుగులో చెప్పడం ఎలాగో తెలియలేదు. పాస్టరమ్మ కూడా ఇరుకున పడింది. ఏమీ జరగలేదని మైకులో చెప్పిస్తే, తన సంఘం పిల్ల అరవైమంది చిన్నపిల్లల ముందు దేవుడి పేరు మీద కోతలు కోసినట్టవుతుంది. "రేపు చూద్దాం" అంది. స్టోరుకీపరు తల అడ్డంగా ఊపుకుంటూ సరుకులకని సైకిలెక్కి బజారుకి వెళ్లాడు. అబద్ధమన్న మాట అతను నమ్మలేదు. పిల్లకి సిగ్గెక్కువ, పెద్దావిడకి జాగ్రత్తెక్కువ అనుకున్నాడు. బజారులో ఉల్లిపాయల కొట్టులో ఒకసారి, మందుల కొట్టులో ఒకసారి జరిగినదంతా చెప్పాడు. మందుల కొట్టులో చెప్పడం మరీ పొరపాటు. అక్కడ ఉన్నవాళ్లందరికీ ఏదో ఒక జబ్బు ఉంది.

మర్నాడు తల్లిదండ్రులు పిల్లల్ని చూడ్డానికి వచ్చే రోజు. అరవైమంది పిల్లలకు ఎంత లెక్కేసినా నూట ఇరవైమంది తల్లిదండ్రులకు మించరు. తొమ్మిదయ్యేసరికి మైదానంలో అంతకు రెట్టింపు జనం ఉన్నారు. స్టోరు గది వరండాలో ఒక వరస మొదలై, చీపుర్ల గది చుట్టూ తిరిగి, గేటు దాకా పోయింది. దగ్గుతున్నవాళ్లు, కట్లు కట్టుకున్నవాళ్లు, నిద్రపట్టనివాళ్లు. ఒకాయన కుంటుతున్న కుక్కని తాడుకి కట్టి తెచ్చి, అందరిలాగే వరసలో నిలబడ్డాడు. స్టోరుకీపరు టిఫిను కూడా తినకుండా వరసను సరిచేస్తున్నాడు.

వరండా చివర కుర్చీలో టముకు కూర్చుంది. లేచి పోదామంటే చుట్టూ జనం. ఏం చెప్పినా ఎవరికీ అర్థం కాదు. అర్థమైనప్పుడు ఏమవుతుందో నిన్ననే చూసింది. వచ్చినవాళ్లు తల వంచితే తనూ వంచింది. చేతులు పట్టుకుంటే, "వందనాలండి, నాకేం తెలియదండి" అంది. ఆ మాటలు విని వాళ్లు కళ్లు మూసుకుని, విన్న ధ్వనిని నెమ్మదిగా తిరిగి పలికి వెళ్లిపోతున్నారు. పదింటికల్లా వరసలో సగంమంది, "నాకేం తెలియదండి, నాకేం తెలియదండి" అని జపంలా అనుకుంటున్నారు.

"ఈ మాట మాత్రం బాగానే అందింది" అన్నాడు అన్నయ్య.

అప్పుడు వంటావిడ తన తల్లిని తీసుకొచ్చింది. డెబ్బై దాటిన ముసలావిడ, మోకాళ్లు వాచి చేతికర్ర లేనిదే నిలవలేదు. టముకు ఆ ముసలావిడ మోకాలి మీద చెయ్యి వేసింది. వెయ్యాలని వేసింది కాదు, ఎదురుగా వంగేసరికి అక్కడ తగిలింది. ముసలావిడ ఒక నిమిషం ఆలోచించింది. చేతికర్ర కూతురికిచ్చేసింది. ఒక అడుగు వేసింది. రెండో అడుగు వేసింది. మూడో అడుగుకి మోకాలు మడతపడి, ముందున్న కుక్క మీదుగా వరండా మెట్లవైపు తూలింది. వంటావిడ ఆమె నడుం పట్టుకుని ఆపబట్టి సరిపోయింది గాని, లేకపోతే నాలుగు రాతిమెట్లూ దొర్లేది. ఎముకేమీ విరగలేదు. మోచెయ్యి గీసుకుపోయి నెత్తురొచ్చింది.

ముసలావిడ కూర్చుని, మోచెయ్యి నర్సుకి అప్పగించి, ఇంకోసారి ప్రయత్నిస్తానన్నట్టు చేతికర్రను దూరంగా నెట్టింది.

అది చూశాక టముకుకి అక్కడ కూర్చోవడం చేతకాలేదు. జనాన్ని తోసుకుంటూ స్టోరు గదిలోకి వెళ్లి, బస్తాల వెనక కూర్చుని ఏడ్చింది. అన్నయ్య వెనకే వచ్చి నిలబడ్డాడు. ఆ ఏడుపులో తగ్గించవలసింది ఏమీ లేదని అతనికి తెలిసింది.

"ఆవిడ కాలు విరిగితే నాదే పాపం. ఇవాళ చెప్పేస్తాను. అబద్ధాలకోరునని అనుకుంటే అనుకోనీ" అంది.

"నువ్వు అలాంటిదానివి కాదుగా."

"కాదని ఎవరికి చెప్పను? ఏ భాషలో చెప్పను?"

స్టోరుకీపరు వచ్చాడు. ముసలావిడ కట్టుకి దూది కావాలని వంటావిడ కూడా వచ్చింది. అల్మరా పైనుంచి దూది పొట్లం తీయడానికి వంటావిడ బస్తా ఎక్కింది. పొట్లంతోపాటు దాని వెనక కాపురం ఉన్న ఎలుక కూడా వచ్చింది. అది వంటావిడ భుజం మీద పడి, పాదం మీదుగా దూకి, గుమ్మం దాటిపోయింది. వంటావిడ కడుపు పట్టుకుని, కళ్లు తేలేసి, తన భాషలో ఒకే ఒక్క వాక్యం గట్టిగా అంది.

స్టోరుకీపరు పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు. వాళ్లూ నవ్వాలని అనువాదం చేసిపెట్టాడు. "పేగులు కింద పడ్డాయంట."

టముకు ముక్కు తుడుచుకుని నేల వంక చూసింది. "ఏవి?"

"ఏవంటే?"

"పేగులు. ఎక్కడ పడ్డాయి అంకుల్? కనబడవేం?"

"పడలేదు, ఒరేయ్. ఊరికే అంటాం. భయం వస్తే మా వాళ్లు అట్లా అంటారు."

"అయితే ఈవిడ అబద్ధం చెప్పిందా?"

"అబద్ధం ఎందుకు? ఎలుకను చూసింది. భయం వేసింది. పేగులు పడ్డాయి అంది." ఆ మాట అంటూనే అతని నవ్వు మెల్లగా ఆగింది.

"మా అమ్మని వదిలి రావాలంటే నాకు భయం వేసింది. గుండె ఆగిపోయింది అన్నాను" అంది టముకు.

స్టోరుకీపరు గోధుమపిండి బస్తా మీద కూర్చున్నాడు. "కాళ్లు?" అన్నాడు.

"అదీ అంతే."

"నోరు?"

"అదీ."

"పైన ప్రాణం పోవడం?"

"అది మరీ ఊరికే అంటాం అంకుల్. మా ఇంట్లో రోజుకి నాలుగుసార్లు పోతాయి."

అతను తల పట్టుకున్నాడు. ఓడలో ఒక వంటవాడు తుఫాను వచ్చినప్పుడల్లా ప్రాణాలు పోయాయని అనేవాడనీ, మర్నాడు మళ్లీ వంట చేస్తుంటే ఇంత గట్టి మనిషి ఎక్కడా ఉండడని తాను నాలుగేళ్లు ఆశ్చర్యపోయాననీ చెప్పాడు. తలెత్తకుండానే ఇంకో మాట అడిగాడు. "ఒరేయ్ అంటే? అది కూడా వేరేనా?"

టముకు అన్నయ్యను చూసింది. అన్నయ్య గోడను చూశాడు. "బాగా ఇష్టమున్నవాళ్లని అంటారు అంకుల్" అంది. స్టోరుకీపరు తల ఊపాడు. ఒక్క మాటైనా చెడిపోకుండా మిగిలినందుకు కాస్త ఊరట కలిగినట్టుంది.

నాలుగింటికి భోజనశాలలో అందరి ముందూ తానే చెబుతానన్నాడు. పొరపాటు తన నోటిదే కాబట్టి తన నోటితోనే దిద్దాలన్నాడు. మధ్యాహ్నం భోజనానికి పిలిస్తే రాలేదు. స్టోరు గది తలుపేసుకుని, చెప్పబోయే మాటలు బస్తాలకు చెప్పుకుంటూ కూర్చున్నాడు. ఉదయం నుంచి అతను పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదని ఎవరూ గమనించలేదు. బజారులో అందరికీ చెప్పినవాడు, అందరి చేతా ఆహా అనిపించుకున్నవాడు, ఆ అందరి ముందే వెనక్కి తీసుకోవాలి. ఆ బరువు ఎత్తడానికి ఓడలో అతనికి ఎవరూ నేర్పలేదు.

నాలుగింటికి భోజనశాలలో నిలబడడానికి చోటు లేదు. కిటికీల్లోంచి కూడా జనం చూస్తున్నారు. కుక్క ముందు వరసలో కూర్చుంది. స్టోరుకీపరు వేదిక ఎక్కి, మైకు స్తంభం పట్టుకుని ఆగాడు. నుదురంతా చెమట. పక్కనే టముకు, కింద పాస్టరమ్మ, అన్నయ్య ఉన్నారు. వాళ్లవైపు తిరిగి మెల్లగా అన్నాడు.

"ఒరేయ్, నా గుండె ఆగిపోతోంది."

టముకు ముఖం వెలిగిపోయింది. "చూశారా అమ్మగారూ? ఎంత బాగా అన్నారో."

"కాళ్లు చచ్చుబడుతున్నాయి" అన్నాడు స్టోరుకీపరు.

"సరిగ్గా అలాగే అనాలి" అంది పాస్టరమ్మ మెచ్చుకోలుగా.

"కళ్లు తిరుగుతున్నాయి. పడిపోతా."

"ఇంక మీకు తెలుగు పూర్తిగా వచ్చేసినట్టే అంకుల్" అన్నాడు అన్నయ్య, ఇక్కడికి వచ్చాక మొదటిసారి మనస్ఫూర్తిగా.

స్టోరుకీపరు ముగ్గురినీ మార్చి మార్చి చూశాడు. ఇంకా తెలిసిన మాటలేమన్నా ఉన్నాయేమోనని వెతుక్కుంటున్నట్టు పెదవులు కదిలాయి. "నిజంగా, ఒరేయ్" అన్నాడు.

"నిజమే కదండీ మరి" అని టముకు అతని భుజం తట్టింది.

ఆ తట్టుకి అతను వెనక్కి వాలిపోయాడు. మైకూ, దాని స్తంభమూ, బల్ల మీది పూలకుండీ అతనితోపాటే వెళ్లాయి. నర్సు బెంచీల మీదుగా దూకి వచ్చింది. చొక్కా గుండీలు విప్పి, కాళ్లు ఎత్తి కుర్చీ మీద పెట్టి, నాడి చూసి, చక్కెర నీళ్లు తెమ్మని అరిచింది. గుండె గట్టిగానే ఉంది. కడుపే ఖాళీగా ఉంది. నాలుగు గుక్కలు లోపలికి పోయాక అతను కళ్లు తెరిచాడు. తల వంటావిడ ఒళ్లో ఉంది. కాళ్ల దగ్గర డైరెక్టరు. చుట్టూ ఊరు ఊరంతా వంగి చూస్తోంది. మైకు అతని ఛాతీ మీదే పడి ఇంకా పనిచేస్తోంది.

లేవబోతే నర్సు లేవనివ్వలేదు. అందుకని పడుకునే చెప్పాడు. ఏం చెప్పాడో టముకుకి ఒక్క ముక్క అర్థం కాలేదు గాని, చెయ్యి గుండె మీదికి, కాళ్ల మీదికి, నోటి మీదికి, పైకప్పు వైపు వెళ్లడం చూసి ఎక్కడిదాకా వచ్చాడో తెలుసుకుంది. ఆమె రెండు చేతులూ జోడించి, తల వంచుకుని నిలబడింది. పేగుల సంగతి వచ్చినట్టుంది, వంటావిడ మొదట నవ్వింది. ఆ తరువాత వెనక బెంచీలు నవ్వాయి. కిటికీలు నవ్వాయి. నవ్వనిది డైరెక్టరు ఒక్కడే. నిన్న చేతులెత్తి చెప్పిన స్తోత్రాన్ని ఏం చెయ్యాలో ఆయన ఆలోచిస్తున్నాడు.

ముసలావిడ మాత్రం లేచి, చేతికర్ర పొడుచుకుంటూ టముకు దగ్గరికి వచ్చి, చెంప నిమిరి ఏదో అంది. స్టోరుకీపరు పడుకున్నచోటి నుంచే అనువాదం చేశాడు.

"మోకాలు నొప్పి అట్లాగే ఉందంట. మూడేళ్లకి ఈరోజే ఇల్లు కదిలి వచ్చిందంట. రేపు కూడా వస్తానంటోంది."

టముకు ఈసారి ఏడవలేదు. పెద్ద పెద్ద మాటలు చాలా నోటిదాకా వచ్చాయి గాని, అన్నింటినీ పక్కకి నెట్టి, "రమ్మనండి" అంది.

డైరెక్టరు ఆ సాయంత్రమే రెండు నిర్ణయాలు తీసుకున్నాడు. ఒకటి, స్టోరుకీపరు ఇక మైకు దగ్గరికి వెళ్లకుండా స్టోరులోనే విశ్రాంతి తీసుకోవాలి. రెండు, అతని బదులు ఇంకొకరిని వెతకనక్కర్లేదు. మిగిలిన మూడు రోజులూ శిబిరంలో అందరూ చేతులతోనే మాట్లాడుకున్నారు. ఎవరికీ ఏ జబ్బూ రాలేదు.